బిల్లు సున్న యైనంత మాత్రమున

మిద్దెపై సౌరఫలకములు పరపించి, వాకిట విద్యుద్వాహనమును నిలిపి, పడకగదిలో అయిదు నక్షత్రముల ఏ.సి. బిగించి, నెల తిరుగునప్పటికి కరెంటు బిల్లుపై సున్న చూచుకొని మురియు గృహస్థుడే ప్రకృతికి పరమమిత్రుడనియు, అట్టి సదుపాయములకు నోచుకొనక తాటాకు చూరుక్రిందనో సిమెంటు రేకులక్రిందనో కాలము పుచ్చువాడు ఎవరైన వచ్చి యుద్ధరింపవలసిన వెనుకబాటుజీవి యనియు నొక యభిప్రాయము ఈ రెండు మూడేండ్లలో మన నెల్లూరు సీమయందు గట్టిగా వేరుపాతుకొన్నది. మైపాడుగేటు సెంటరులోని టీకొట్టువద్ద మొదలై, ఇందుకూరుపేట పెండ్లివిందులమీదుగా, మైపాడు సముద్రపుటొడ్డున ఆదివారము సాయంకాలము గాలికి కూర్చున్నవారి సంభాషణదాక ఇదే మాట వినబడుచున్నది. అమ్మువారు దీనిని దేశసేవ యనుచున్నారు. కొన్నవారు దీనిని పుణ్యకార్యమనుచున్నారు. వస్తువును కొనుటయే నడవడిని దిద్దుకొనుట యని పొరబడు ఈ భ్రమను ఖండించుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాను. అభివృద్ధినిరోధకుడను బిరుదు వచ్చినచో రానిండు.

ముందుగా ప్రతిపక్షమువారి వాదమును దాని బలమంతటితోడను చెప్పుట న్యాయము. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ‘పీఎం సూర్యఘర్’ అను పథకమును ప్రారంభించి, కోటి యిండ్లకు సౌరఫలకములు సమకూర్చు సంకల్పముతో 75,021 కోట్ల రూపాయలు కేటాయించినది. రెండు కిలోవాట్ల వరకు కిలోవాటు ఒక్కింటికి 30,000 రూపాయల చొప్పునను, మూడు కిలోవాట్లు మొదలు ఆపైన నెంత పెట్టించినను మొత్తముమీద 78,000 రూపాయలును సబ్సిడీగా గృహస్థుని బ్యాంకు ఖాతాకు చేరును. మన యెండకు ఒక కిలోవాటు ఫలకములు సగటున దినమునకు నాలుగు యూనిట్ల విద్యుత్తు నిచ్చును. మూడు కిలోవాట్లకు పండ్రెండు. నెలకు మూడువందల అరువది. మిద్దె మనది, ఎండ భగవంతునిది, సొమ్ములో చెప్పుకోదగిన భాగము ప్రభుత్వమువారిది. సామాన్యకుటుంబమున కింతకంటె నేమి కావలయునని వారడుగుచున్నారు. ఈ లెక్కలలో అసత్యము లేదు. సౌరఫలకముపై నాకు ద్వేషమును లేదు. ఈ కాలపు శాస్త్రము మనకిచ్చిన మంచి వస్తువులలో నది యొకటి. బిల్లు సున్న యైనది గనుక మా యింటివలన లోకమునకు హాని లేదు, హాని లేదు గనుక మేమెంత వాడినను దోషము లేదు అని ఆ లెక్కనుండి వారు పిండుచున్న సిద్ధాంతమును మాత్రమే నేను కాదనుచున్నాను.

నెట్ మీటరింగ్ అను ఏర్పాటు ఎట్లు నడచునో కొంచెము నిదానించి చూడవలయును. పగటిపూట ఇంటిలో వాడుకొనగా మిగిలిన విద్యుత్తు తీగలద్వారా వెలుపలికి పోవును. చీకటి పడినపిమ్మట ఇంటికి కావలసినది ఆ తీగలద్వారానే వెలుపలినుండి వచ్చును. మీటరు ఈ రెంటిని పరస్పరము కొట్టివేసి నికరమును మాత్రము చూపును. కొట్టివేయబడునవి అంకెలు. మధ్యాహ్నము పండ్రెండు గంటలకు మైపాడు మిద్దెపై పుట్టిన యూనిట్ అప్పుడే ఎక్కడనో ఖర్చయిపోయినది. రాత్రి పదకొండు గంటలకు అదే యింటి పడకగదిలో ఏ.సి.ని నడపు యూనిట్ మరియొక చోట, మరియొక ఇంధనముతో, ఆ క్షణముననే పుట్టవలసియున్నది. ఆ చోటు మనకు దూరము కాదు. తీరము వెంబడి దక్షిణముగా బోయినచో కృష్ణపట్నము ఓడరేవు చెంత, ముత్తుకూరు మండలమందలి నేలటూరున, దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్కేంద్రము కలదు. ఒక్కొక్కటి 800 మెగావాట్ల సామర్థ్యముగల యంత్రములు మూడు అందు కలవు. మూడవదానిని 2022 అక్టోబరులో జాతికి అంకితము చేసిరి. ఓడలపై వచ్చు బొగ్గు వానికి మేత. బొగ్గుతో పుట్టు ఒక్కొక్క యూనిట్ వెనుక అరకిలోకు మించిన బొగ్గు కాలిపోవును. జలవిద్యుత్తు, గాలి, ఎండ అన్నియు కలిపి దేశపు సగటు తీసినను యూనిట్ ఒక్కింటికి సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు ఆకాశమున కలియును. ఒకటిన్నర టన్నుల ఏ.సి. మన తీరపు ఉక్కలో గంటకు ఒక యూనిట్‌కు అటునిటుగా త్రాగును. రాత్రి ఎనిమిది గంటలు నడచినచో ఎనిమిది యూనిట్లు, అనగా మూడు కిలోవాట్ల ఫలకములు పగలంతయు నెండలో నిలిచి సంపాదించినదానిలో మూడింట రెండువంతులు. ఆ యెనిమిది యూనిట్లు బిల్లుపై కనబడవు. వాని బూడిద నేలటూరున పోగుపడుచునే యుండును.

పగలు మేము వెలుపలికి పంపిన విద్యుత్తువలన అంతమేర బొగ్గు మిగిలినది గదా యని వారు సమాధానము చెప్పుదురు. మిగిలినది, ఒప్పుకొనుచున్నాను. కాని ఆ మిగులు మిగులుగా నిలుచుటకు ఒక నియమము కలదు: ఫలకములు వచ్చినపిమ్మట ఇంటి వాడుక పెరుగకుండవలయును. తప్పుచున్నది సరిగా ఆ నియమమే. 1865లో విలియం స్టాన్లీ జెవన్స్ అను ఇంగ్లండు దేశపు అర్థశాస్త్రజ్ఞుడు తన దేశమందలి బొగ్గునుగూర్చి గ్రంథము వ్రాయుచు, ఆవిరియంత్రములు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయ నేర్చినకొలదిని దేశము మొత్తముమీద బొగ్గువాడుక తగ్గుటకు మారుగా పెరిగినదని నిరూపించెను. నూటయేబది యేండ్లకు పైబడిన ఆ సూత్రమును ఋజువు చేయుటకు మన వీధిలోని ఏ క్రొత్త మేడయైనను చాలును. కరెంటు ఊరకే వచ్చుచున్నదని తెలిసిన యింట మొట్టమొదట ప్రవేశించునది రెండవ ఏ.సి.; దాని వెనుక బట్టలారవేయు యంత్రము (పెరట్లో దండెము కట్టినచో గంటలో బట్టలు పెళపెళలాడు సీమలో!), దాని వెనుక స్నానాలగదికొక గీజరు. వేసవి మధ్యాహ్నము కొళాయి త్రిప్పినచో చేయి చురుక్కుమను నెల్లూరులో ఏడాది పొడవున గీజరు ఎఱ్ఱదీపము వెలుగుచుండుటకు కారణమేమని అడిగినచో, ఇంటివారి వద్ద అలవాటను మాట తప్ప మరియొక జవాబుండదు.

ఇట్టి యొక యింటిని నేను దగ్గరనుండి చూచితిని. మైపాడు రోడ్డుమీద ఒక మిత్రుడు కట్టుకొన్నది. రొయ్యలలో రెండు మంచి పంటలు వచ్చిన సంవత్సరమున లేచిన మేడ. మిద్దెపై ఫలకములు రెండు వరుసలు. ఇంటాయన నన్ను మెట్లెక్కించి, చేతిలోని ఫోనులో ఆ దినపు యూనిట్ల లెక్క చూపి, “ఇంక కరెంటు ఊరికేనే గదన్నా, ఎంత వాడుకుంటే ఏముంది!” అని భుజము తట్టెను. అప్పుడు సాయంకాలము నాలుగు గంటలు. పడమటి వైపున కట్టిన మెట్లగది నీడ జరిగివచ్చి ఒక వరుస చివర రెండు ఫలకములను కప్పివేసియున్నది. వరుసగా కలిపిన ఫలకములలో రెంటిపై నీడ పడినచో తక్కినవాని రాబడియు కుంటువడునని పెట్టినవారు ఆయనకు చెప్పినట్లు లేదు. గాజుపై ఉప్పుగాలి తెచ్చిన మసక పొర. వ్రేలితో గీచినచో గీత పడినది. చట్రమును బిగించిన నట్లు అప్పుడే తుప్పుకు తిరిగియున్నవి. ప్రక్కగోడకు వ్రేలాడు ఏ.సి. వెలుపలిపెట్టె రేకులను ఉప్పుగాలి కొరికి, ఒకవైపు పొడిపొడిగా రాలుచున్నది. అట్లు గొట్టములు చిల్లిపడి వెలుపలికి పోవు గ్యాసు, ఈనాటి క్రొత్త యంత్రములలో నింపు ఆర్-32 రకమైనను, బరువుకు బరువు బొగ్గుపులుసు వాయువుకంటె ఇంచుమించు 675 రెట్లు భూమిని వేడెక్కించునది. క్రిందికి దిగి హాలులో కూర్చుంటిమి. సముద్రము తూర్పున పిలిచిన పలుకునంత దూరమున నున్నది. ఆ వైపు గోడలో నిలువెత్తు గాజుకిటికీ కూడ కలదు. అది సీలువేసినట్లు మూయబడియున్నది. తెరచినచో ఏ.సి. చల్లదనము పోవునట!

ఆ మూసిన కిటికీయే నా వాదమునకు మూలాధారము. మన తీరమున వేసవి యనగా రెండు గాలుల కలహము. పడమటనుండి వచ్చు వడగాలి ఒకటి, మధ్యాహ్నమునకు తూర్పునుండి లేచు సముద్రపుగాలి మరియొకటి; రోహిణీకార్తెలో పడమటిగాలి బలిసి సముద్రపుగాలిని ఒడ్డుననే నిలిపివేసిన దినమున నెల్లూరు పట్టణము ఉడికిపోవును, సముద్రపుగాలి నెగ్గిన దినమున సాయంకాలమునకు ప్రాణము లేచివచ్చును. ఇది తెలిసిన పూర్వపు మేస్త్రీలు తూర్పుపడమరలుగా ఎదురెదురు ద్వారములు పెట్టి, పడమటి గోడకు పంచ దించి, దాని ముందు కానుగనో వేపనో నాటి, గాలికి త్రోవ విడిచి యెండకు త్రోవ మూసిరి. నేటి మేడ సరిగా దీనిని తలక్రిందులు చేసినది. స్లైడింగ్ కిటికీ యను వస్తువును చూడుడు: ఎంత తెరచినను దానిలో సగము మూసియే యుండును, గోడలో పెట్టిన సందులో సగమును శాశ్వతముగా గాలికి నిషేధించి, దానికే యెక్కువ వెల చెల్లించు చాతుర్యము మనది. ఇక స్లాబు. నాలుగైదు అంగుళముల కాంక్రీటు పగలంతయు ఎండను త్రాగి, మనము పడుకొను వేళకు దానిని గదిలోనికి విడువనారంభించును, ఫ్యాను ఆ వేడిగాలినే క్రిందికి నెట్టును, అప్పుడు ఏ.సి. అనివార్యమైనట్లు తోచును. ఆ అనివార్యతను కట్టించుకొన్నవారము మనమే.

స్లాబుపై గుల్లసున్నము రెండు పూతలు వేసినచో ఎండలో పెద్దభాగము వచ్చిన దారినే తిరిగిపోవునని మన తాతలకు తెలియును. పులికాటు సరస్సు గవ్వలతో కాల్చిన సున్నము ఈ సీమకు క్రొత్త కాదు. తాతలమాట నమ్మనివారు ప్రభుత్వముల మాటయైన వినవచ్చును. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించి, వేడిని త్రిప్పికొట్టు తెల్లని కప్పులకు ప్రోత్సాహమిచ్చు పని చేపట్టినది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018 డిసెంబరులో నివాసగృహములకై ‘ఎకో నివాస్ సంహిత’ యను నియమావళిని వెలువరించినది. దాని తొలిభాగమంతయు గోడలనుగూర్చి, కప్పునుగూర్చి, కిటికీలు తెరచుకొను వైశాల్యమునుగూర్చి. కేంద్రప్రభుత్వ నిపుణులు ఇంటి శరీరమును ముందు దిద్దుమని చెప్పియుండగా, మన యింజనీర్లును మేస్త్రీలును ఇంటి నెత్తిమీది యాభరణముతో మొదలుపెట్టుచున్నారు. పేదవారికి ప్రభుత్వము కట్టించిన యిండ్లయందైనను ఈ వివేకము కానరాదు. 2020 డిసెంబరులో మొదలైన పేదల యిండ్ల పథకమున పల్లెలలో సెంటున్నర స్థలము, పట్టణములలో సెంటు స్థలము, అందు 340 చదరపుటడుగుల యిల్లు. గోడకు గోడ ఆనునట్లుండు ఆ వరుసలలో మిద్దెపై ఫలకమునకు చోటు దొరకవచ్చును. వాకిట వేపచెట్టునకు దొరకదు.

కప్పు తర్వాత ఫ్యాను. దీనినిగూర్చి కొంచెము దీర్ఘముగా చెప్పుదును, ఏలనన ఇంత లాభకరమై, ఇంత అనాదృతమైన వస్తువు మరియొకటి లేదు. సాధారణమైన సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తినును. బీఎల్‌డీసీ మోటారుగల ఫ్యాను అంతే గాలిని 30 వాట్లతో నిచ్చును. మన సీమలో దినమునకు పదునారు గంటల చొప్పున ఏడాదిలో మూడువందల దినములు ఫ్యాను తిరుగుననుకొన్నచో ఒక్క ఫ్యానుపై 216 యూనిట్లు మిగులును. మూడు ఫ్యాన్ల యింట 648. ఒక కిలోవాటు సౌరఫలకములు ఏడాది పొడవున సంపాదించునది సుమారు 1,460 యూనిట్లు గదా. మూడు ఫ్యాన్లు దానిలో నూటికి నలుబదినాలుగు వంతులను సద్దు చేయక మిగుల్చుచున్నవి. వాని వెల మూడును కలిపి ఇంచుమించు తొమ్మిదివేల రూపాయలు. కిలోవాటు ఫలకములకు సబ్సిడీ రాకముందు అరువదివేలకు పైమాట. అంతకంటె ముఖ్యమైన దింకొకటి: ఫ్యాను మిగుల్చుదానిలో చాలభాగము రాత్రియందు, నేలటూరు బొగ్గు మండు వేళయందు. 2015 జనవరిలో మొదలైన ‘ఉజాలా’ పథకమున దేశమంతట 36 కోట్లకు పైబడిన ఎల్‌ఈడీ బల్బులు పంపిణీయై, అరువది వాట్ల బల్బు చేయు పనిని తొమ్మిది వాట్ల బల్బు చేయుటకు వచ్చినది. అంత పెద్ద మార్పు జరిగినను దానినిగూర్చి పెండ్లివిందులో గొప్ప చెప్పుకొన్నవా రెవరును లేరు. బల్బు మిద్దెమీద కనబడదు. ఫ్యాను వీధిలోనివారికి కనబడదు. కనబడనిదానికి గౌరవము లేకుండుటయే ఈ వ్యాధికి నిదానము.

ఇక స్వావలంబన మాట. ఫలకములు పెట్టించినచో కరెంటాఫీసుతో పనిలేదని, తుపాను వచ్చినను మా యింట దీపము వెలుగునని చాలమంది నమ్మియున్నారు. బ్యాటరీ లేక తీగలకు కలిపిన సౌరవ్యవస్థ (సబ్సిడీపై మన యిండ్లకు వచ్చునవి దాదాపు అన్నియు ఇవే) లైనులో కరెంటు పోయిన మరుక్షణమున తానును ఆగిపోవును. ఆగిపోవలయును కూడ, లేనిచో స్తంభమెక్కి తీగ సరిచేయు లైన్‌మన్ ప్రాణము మిద్దెమీదినుండి వచ్చిన కరెంటునకు బలియగును. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మన తీరమును రాచుకొనుచు బాపట్ల చెంత ఒడ్డు దాటినది. 1984 నవంబరు తుపానును మరచిపోని ముసలివారు తీరమందు ఇప్పటికిని కలరు. అట్టి రాత్రి తీగలు తెగినచో తెల్లవారి ఎండ కాసినను, ఫలకములున్న మేడయు లేని గుడిసెయు సమానముగనే కరెంటు లేక యుండును. మేడవానికి అదనముగా, గాలికి చట్రము లేచిపోవునేమోయను బెంగ. అమ్మునాడు ఈ సంగతి చెప్పినవారిని నేనింతవరకు చూడలేదు.

ఈ యభిప్రాయమునందు నన్ను మిక్కిలి బాధించునది లెక్కల తప్పు కాదు, దానిలో దాగియున్న తిరస్కారభావము. మైపాడు పాలెములోని జాలరి కుటుంబమును చూడుడు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు చేపలవేట నిషేధము, సరిగా మండువేసవి. బోటు ఒడ్డున నుండును, ఇంటిల్లిపాదియు ఇంటనే యుందురు, చేతిలో రూకలు తక్కువ. రెండు దీపములు, ఒక ఫ్యాను, ఒక టీవీ. వారి ఏడాది వాడుక మా మిత్రుని యింట ఒక్క నెలలో కరగిపోవునని చెప్పిన అతిశయోక్తి యగునేమో గాని, మిక్కిలి పెద్ద అతిశయోక్తి మాత్రము కాదు. ఒడ్డున ఇసుకపై పరచిన ఎండుచేపలను చూడుడు, ఇసకపల్లి ఉప్పుమళ్లను చూడుడు. సూర్యుని చేత పని చేయించుకొనుట ఈ తీరమునకు సబ్సిడీ వచ్చినపిమ్మట తెలిసిన విద్య కాదు. అట్టివారికి పట్టణమునుండి కారులో ఏ.సి. వేసికొని వచ్చి పర్యావరణమునుగూర్చి ఉపన్యసించుట మనకు వినోదమైనది!

చరిత్ర కొంచెము తెలిసినవారికి ఇందులో మరియొక విషాదము కూడ కనబడును. 1806లో మద్రాసు చెంత త్రవ్వుట మొదలై, ధాత కరవునాడు ఆకలిగొన్న కూలీల చేతులమీదుగా సాగి, అప్పటి గవర్నరు పేరు పెట్టుకొన్న బకింగ్‌హాం కాలువ మైపాడునకు పడమటగా పోవుచున్నది. ఆ కాలువపై పడవలు నడచిన దినములలో శ్రీహరికోట అడవి కట్టెలును, తీరపు సరుగుడు కట్టెలును మద్రాసు నగరపు పొయ్యిలకు పోవుచుండెడివి. నేడు కాలువ పూడిపోయినది, పడవలు లేవు. కట్టెలకు మారుగా బొగ్గు, పడవలకు మారుగా తీగలు. మండునది ఇక్కడ, చల్లబడు గదులు మరియొకచోట. మునుపు మద్రాసు గృహిణికి తన పొయ్యిలోని కట్టె యే తీరమునుండి వచ్చినదో తెలియక పోయినను, అది కట్టె యని, కాలి బూడిద యగునని తెలియును. నేటి గృహస్థునికి ఆ పాటి యెఱుకయు లేకుండ చేసినది సున్న బిల్లు.

అయితే కట్టెపొయ్యికిని గుడ్డిదీపమునకును తిరిగి పోవలయునా యని ఎవరైన నడిగినచో, అట్టి మాట నా నోట రాదు. పొయ్యిగొట్టముతో ఊదియూది కండ్లు ఎఱ్ఱబడి, దగ్గుతో కుంగిపోయిన తల్లులను మన తరమువా రందరును ఎఱుగుదురు. 1999లో మన రాష్ట్రమున వచ్చిన ‘దీపం’ పథకమును, 2016 మేలో దేశమంతటికి వచ్చిన ‘ఉజ్జ్వల’యు ఆ పొగనుండి ఆడవారిని కొంతవరకైనను తప్పించినవి, అది మేలు, నిస్సంశయముగా మేలు. పప్పు రెండు గంటలు ముందుగా నానవేసి, గిన్నెపై మూత పెట్టి, కుక్కరులో ఉడికించి, సిలిండరును నెలకు మించి కొన్ని దినములు లాగు ఇల్లాలు చేయుచున్నది కూడ ఇంధనశాస్త్రమే. దానికి నక్షత్రముల చీటి యెవరును అంటింపలేదు గనుక మనకు కనబడుట లేదు.

రొయ్యలగుంటల సంగతి ఒక్కమాట చెప్పి దాటిపోయెదను. తెల్లవారుజామున గుంటలో ప్రాణవాయువు తగ్గునని రాత్రంతయు ఏరియేటర్లు త్రిప్పుటయు, కరెంటు పోయినచో డీజిల్ జనరేటరు మోగించుటయు ఆ వ్యాపారమునకు తప్పనివి. కాని గుంటగట్టుమీద ఇంతటి విద్యుత్తు ఖర్చుచేసి, ఇంటిమీది మూడు కిలోవాట్లను చూపి తాను ప్రకృతిహితుడనని చెప్పుకొనుట మాత్రము నేతిబీరకాయ వ్యవహారము.

చివరకు వారందరును కలిసి వేయు ఆక్షేపణ యొకటి కలదు: అనుభవింపగల స్థితి వచ్చినపుడు ఈ త్యాగబోధ యేల? సన్న్యసింపుమనుచున్నావా? ఇందుకూరుపేట మండలముననే పల్లిపాడు కలదు. 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీమహాత్ముడు పెన్నయొడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించిన యూరు. ఆ జీవనవిధానము నందరిపై రుద్దవలయునని నాకు లేదు; అది కొందరు మహనీయులకే సాధ్యమైనది. నేను త్యాగమును కోరుట లేదు, లెక్కను కోరుచున్నాను. చల్లని కప్పుక్రింద, ఎదురుగాలి వీచు గదిలో, తక్కువ తిను ఫ్యానుక్రింద పడుకొన్నవానికి సుఖము తగ్గదు. ఏ.సి. కావలసిన ముసలివారు, పసివారు, రోగులు ఉన్న యింట ఏ.సి. ఉండనిండు, దానిని పదునెనిమిది వద్ద కాక ఇరువదియాఱు వద్ద పెట్టి ఫ్యాను వేసినచో ఎవరికిని నష్టము లేదు. ఒక్క డిగ్రీ పెంచినచో నూటికి ఆఱు వంతుల విద్యుత్తు మిగులునని బ్యూరోవారే చెప్పుచు, 2020 నుండి క్రొత్త యంత్రములన్నియు ఇరువదినాలుగు డిగ్రీల వద్దనే మొదలగునట్లు నియమము పెట్టిరి. పల్లిపాడు ఆశ్రమమునుండి మనము నేర్వదగినది మరియొకటి. రాట్నము త్రిప్పుటతో మొదలైన ఖద్దరు, స్వరాజ్యము వచ్చినపిమ్మట బీరువాలో ఇస్త్రీమడతలతో నుండి సభలనాడు మాత్రము వెలికివచ్చు వేషమై పోయినది. పని పోయి చిహ్నము మిగిలినది. సౌరఫలకమునకును ఆ గతి పట్టించుటకు మనము మిక్కిలి తొందరపడుచున్నాము.

కావున నా విన్నపము రెండు దిక్కులకు. గృహస్థులారా, ఫలకములకు దరఖాస్తు పెట్టుటకు ముందు వేసవిలో ఒక వారముపాటు సాయంకాలము ఆఱు గంటలకును మరునాటి ఉదయము ఆఱు గంటలకును మీటరు చూచి మీ రాత్రివాడుకను వ్రాసికొనుడు. దానిని తగ్గించినపిమ్మటనే ఎన్ని కిలోవాట్లు కావలయునో నిర్ణయించుకొనుడు. పెట్టించునపుడు మెట్లగది నీడ యెటు పడునో చూడుడు, తుప్పుపట్టని చట్రమును అడిగి తీసికొనుడు, నెలకొకసారి మంచినీటితో గాజు కడుగుడు. ఇక ప్రభుత్వమువారికి: మీరిచ్చు 78,000 రూపాయలలో పదవవంతు 7,800. ఆ పదవవంతును ముందుగా ఇచ్చి, రెండు మంచి ఫ్యాన్లు కొని స్లాబుకు సున్నము వేయించినట్లు చూపినవారికే తక్కిన సొమ్ము విడుదల చేయుడు. మిద్దెయే లేని రేకుల యింటివానికి, దరఖాస్తు అడుగకయే, ఆ 7,800 రూపాయల మేలును మొట్టమొదట ఇండు.